నా నవలలో గాలి దిక్కు

ఉద్యోగంలో నా ఆఖరి పోస్టింగు రాజోలు వైపు ఒక అగ్నిమాపక కేంద్రం. ఆ ఏడాది ఫిబ్రవరి ఒకటో తేదీన స్టేషన్ ఫైర్ ఆఫీసరుగా చేరాను. కేంద్రం అనగానే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. నీళ్ళ ట్యాంకూ పంపూ ఉన్న ఎర్ర బండి ఒకటి, దాన్ని మేం వాటర్ టెండర్ అంటాం. బండి నడిపి, పంపు కూడా చూసుకునే డ్రైవర్ ఆపరేటర్లు. ఒక లీడింగ్ ఫైర్‌మన్, ఆయన కింద కొందరు ఫైర్‌మన్లు. టెలిఫోను పక్కన పగలూ రాత్రీ ఎవరో ఒకరు కూర్చునే వాచ్ రూమ్. అంతే.

బదిలీ మీద వచ్చినవాళ్ళు ఇక్కడ మొదట నేర్చుకునే సంగతి ఒకటుంది. కోనసీమలో నీళ్ళకి కరువు లేదు, బండి వెళ్ళే దారికే కరువు. కాలవ గట్టు మీద రోడ్డు, దాని మీదికి వంగిన కొబ్బరిచెట్లు. ఎదురుగా అరటిగెలలతో రావులపాలెం బయల్దేరిన వ్యాను వచ్చిందంటే ఇద్దరిలో ఒకరు వెనక్కి పోవాలి. సాధారణంగా వ్యాను వాడే పోతాడు, గొణుక్కుంటూ.

చేరిన రెండో నెలలో, మార్చి ఆఖరున, మధ్యాహ్నం భోజనాల వేళ ఒక ఫైర్ కాల్ వచ్చింది. మత్స్యకారుల పేట ఒకటి తగలబడుతోందని. పేట పేరు ఇక్కడ రాయను. అప్పనపల్లి దాటి నదీముఖం వైపు వెళ్తే అలాంటివి చాలా ఉన్నాయి, వాటిలో ఒకటనుకోండి. వాచ్ రూమ్‌లో గంట కొట్టారు, బండి గేటు దాటింది. దీన్ని టర్న్ అవుట్ అంటాం. గంటకీ గేటుకీ మధ్య ఎంత ఆలస్యం జరిగిందన్న దాన్నిబట్టే మా పరువు.

పేట రెండు గుంపులుగా ఉండేది. సముద్రం వైపు దక్షిణపు గుంపు, కొంచెం ఎడంగా ఉత్తరపు గుంపు, మధ్యలో సన్నటి దారి. మేం వెళ్ళేసరికి దక్షిణపు గుంపంతా మంటల్లో ఉంది. సముద్రం మీంచి గాలి గట్టిగా వీస్తోంది. తాటాకు ఇల్లు సినిమాల్లోలాగా తీరిగ్గా కాలదు. హీరో లోపలికెళ్ళి ఎవరినో భుజాన వేసుకుని, ఒక డైలాగు కూడా చెప్పి బయటికొచ్చేంత వ్యవధి ఇవ్వదు. కప్పు అంటుకుందంటే, మనం చూస్తుండగానే బూడిద. అందుకని మా పనిలో ఒక పద్ధతి ఉంది. కాలుతున్న ఇంటిని వదిలేసి, కాలబోయే ఇంటిని చూసుకోవాలి.

కొందరు సక్షన్ హోస్, అంటే నీళ్ళు తోడే లావుపాటి గొట్టం, కాలవలోకి దించారు. నీళ్ళ మీద అల్లుకున్న గుర్రపుడెక్క దాని మూతికి అడ్డం పడకుండా పేటవాళ్ళ చేపల గంప ఒకటి తొడిగారు. మిగిలినవాళ్ళని తీసుకుని నేను దారి దగ్గరికి వెళ్ళాను. దారి పక్కనే ఉత్తరపు గుంపులో మొదటి ఇల్లు. అప్పటికి ఇంకా అంటుకోలేదు. దాన్ని పడగొడితే మంటకి మేత దొరక్క ఆగుతుంది. అలా పడగొట్టే అధికారం చట్టం మాకిచ్చింది. ఇల్లు ఎవరిదో అడిగే తీరిక లేదు. చివర కొక్కెం ఉన్న పొడవాటి గెడలు తగిలించి కప్పు లాగేశాం, గుంజలు పీకేశాం, తాటాకు కాలవలోకి తోసేశాం. మంట దారి దాకా వచ్చి ఆగింది. ఉత్తరపు గుంపు దక్కింది. ప్రాణనష్టం లేదు. వలలు, బియ్యం, రేషన్ కార్డులు, ఒక పెళ్ళికూతురి పట్టుచీరలు పోయాయి.

మంట ఆరాక ఆఫీసరు అసలు పని మొదలవుతుంది. మంట ఎక్కడ పుట్టింది, ఎలా పుట్టింది, ఫైర్ రిపోర్టులో రాయాలి. గాలిని బట్టి దక్షిణపు గుంపులోనే పుట్టిందని తెలుస్తూనే ఉంది. అందులో ఏ ఇంట్లో? పెంకుటిల్లో డాబావో అయితే గోడలు చెబుతాయి. ఎక్కువసేపు కాలిన చోట మచ్చ లోతుగా ఉంటుంది. తాటాకు ఇల్లు ఏ గుర్తూ మిగల్చదు. మనుషులే చెప్పాలి.

పేట పెద్ద నూకరాజుని అడిగాను. నలభై ఏళ్ళ మనిషి, మొహమంతా మసి. చేతులు కట్టుకుని, “అన్నీ ఒక్కసారే అంటుకున్నాయండి, ఆయ్” అన్నాడు. అన్నీ ఒక్కసారే అంటుకోవడానికి అవేమన్నా దీపావళి మతాబులా అని విసుక్కున్నాను. “మరేనండి” అన్నాడు మర్యాదగా. మిగతావాళ్ళని ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగాను. అదే మాట. ఒకరి మొహం ఒకరు చూసుకోని అన్నదమ్ములు కూడా ఆ మాట దగ్గర ఒక్కటయ్యారు. ఒక చిన్నపిల్లని బుజ్జగించి అడిగితే, అది నోట్లోంచి వేలు తీసి “ఒక్కసారేనండి” అని మళ్ళీ వేలు పెట్టుకుంది. మొదటి ఇల్లు తెలియరాలేదని రాసి సంతకం పెట్టాను.

తిరుగు దారిలో లీడింగ్ ఫైర్‌మన్ సూర్యనారాయణ అసలు సంగతి చెప్పాడు. అతనిది ఆ ప్రాంతమే. మంట ఎవరింట్లో పుట్టిందో పైకి వస్తే ఆ ఇంటి పేరే మారిపోతుందట. ‘నిప్పింటోళ్ళు’ అంటారట. పడవలో భాగస్తులుగా రానివ్వరు, పిల్లనివ్వడానికి వెనకాడతారు, పొరుగింట్లో అన్నం మాడినా వాళ్ళ వైపే చూస్తారు. వెనకటికి ఒక పేటలో అలా పేరుపడ్డ కుటుంబం ఉండలేక ఊరు వదిలి వెళ్ళిపోయిందట. అప్పట్నుంచి ఆ చుట్టుపక్కల పేటల్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. మంట ఆరకముందే పెద్ద అందరికీ చెప్పేస్తాడు, మొదటి ఇల్లు ఏదన్నది ఎవరూ అనకూడదని. బయటివాళ్ళతోనే కాదు, తమలో తాము కూడా.

అది విన్నాక నా విసుగు పోయి ఆసక్తి పట్టుకుంది. అంతమందికి తెలిసిన సంగతి అంతమంది నోళ్ళలోనూ ఎలా ఆగుతుంది? పెళ్ళి భోజనాల దగ్గర మాటామాటా పెరిగినప్పుడో? కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకున్నప్పుడో? అప్పుడు కూడా అనరా? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రిటైరై అమలాపురంలో స్థిరపడ్డాక కూడా పొద్దున్న కాఫీతో పాటు అదే గుర్తొచ్చేది. దాన్ని వదిలించుకోవడానికే నవల మొదలుపెట్టాను.

నవల రాయడం రిపోర్టు రాయడం లాంటిదే అనుకున్నాను. మొదటి రాతప్రతి చదివి మా ఆవిడ, “మనుషులు ఎన్నో పేజీలో వస్తారండీ?” అంది. కష్టంగా అనిపించింది. వారం పోయాక మళ్ళీ చదువుకుంటే ఆవిడ మాటే న్యాయమనిపించింది. పంపు ప్రెషరు ఉంది, హోసుల పొడుగు ఉంది, మనుషులు మాత్రం ‘బాధితులు’ అనే ఒక్క మాటలో సర్దుకుని కూర్చున్నారు. అది చింపేసి, సర్వీసులో చూసిన మొహాలు ఒక్కొక్కటీ గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాను. కాలుతున్న ఇంట్లో బీరువా వదిలేసి గోడగడియారం పట్టుకుని బయటికొచ్చినాయన. మంట ఆరిపోయాక మాకందరికీ మజ్జిగ ఇచ్చి, ఆ తర్వాత కూలబడి ఏడ్చినావిడ. వీళ్ళందరినీ తెచ్చి ఆ పేటలో పెట్టాను. అప్పుడు కథ కదిలింది.

రెండుచోట్ల తిప్పి పంపాక, విజయవాడలో ఒక ప్రచురణ సంస్థ నుంచి ఫోను వచ్చింది. అక్కడి సంపాదకురాలు పద్మజ గారు. నవల బాగుందనీ, వేస్తామనీ, ఒక్కటే షరతనీ చెప్పారు. పుస్తకమంతా మొదటి ఇల్లు ఏది అని ఊరించి, చివరికి చెప్పకుండా వదిలేస్తే చదివినవాళ్ళు మోసపోయామనుకుంటారు. ఎవరిదో ఒకరి ఇల్లు చెప్పాలి. తెలియకపోతే కల్పించమన్నారు. అది చేస్తేగానీ వేయడం కుదరదని మర్యాదగానే, స్పష్టంగానే అన్నారు.

అరవై దాటాక పుస్తకం అట్ట మీద పేరు చూసుకోవాలన్న కోరిక బయటికి చెప్పుకుంటే నవ్వుతారు గానీ, అది చిన్న కోరిక కాదు. నాకు నిద్ర కూడా సరిగా పట్టలేదు. కల్పించడానికి కూర్చున్నాను. దక్షిణపు గుంపులో ఏ ఇల్లు కల్పించినా అక్కడ నిజంగా ఒక ఇల్లుంది. అందులో నిజంగా మనుషులున్నారు. ఆ మంట ఆర్పిన ఆఫీసరే పుస్తకం రాశాడంటే పేటలో దాన్ని కథ అని ఎవరు అనుకుంటారు? సర్కారు వారి తీర్పు కింద లెక్క. నేను వేలు పెట్టిన ఇంటివాళ్ళు నిప్పింటోళ్ళు అయిపోతారు. అలాగని ఊరుకుంటే పుస్తకం రాదు. చివరికి ఆ పేటకే వెళ్ళి అడుగుదామని బయల్దేరాను.

అక్కడిప్పుడు తాటాకు ఇల్లు ఒక్కటీ లేదు. అన్నీ డాబాలు, కొత్త వరుసలు. పాత ఇళ్ళు ఏ మూల ఉండేవో పోల్చుకోలేకపోయాను. నూకరాజు నన్ను గుర్తుపట్టి, కమ్యూనిటీ హాలు అరుగు మీద కూర్చోబెట్టి బొండాం కొట్టించాడు. నవల అనగానే నలుగురూ మూగారు. సినిమా తీస్తారా అని ఒకరు, మా పేటని మంచిగా రాసేరా అని ఒకరు. ఒకాయన, “నేనున్నానాండి అందులో?” అన్నాడు. లేరన్నాను. నొచ్చుకున్నాడు. ఉన్నారంటే అనుమానపడేవాడు.

వచ్చిన పని చెప్పాను. నిజం చెబితే పేర్లన్నీ మార్చి రాస్తానన్నాను. నూకరాజు శ్రద్ధగా విన్నాడు.

“పేర్లు మారిస్తే మాత్రం మా వాళ్ళకి తెలిసిపోదాండి? బయటోళ్ళకి తెలిస్తే మాకేంటండి. మాలో మాకు తెలిస్తేనే గదండీ కష్టం.”

“మీకు ఇప్పుడు మాత్రం తెలియదా?”

“తెలుసండి. కానీ ఎవరూ అనలేదు గదండి.”

పుస్తకం ఆగిపోతుందేమోనని దాచుకోకుండా చెప్పాను. అందరూ నిజంగానే జాలిపడ్డారు. ఇంకో బొండాం ఇచ్చారు.

స్కూటరు తీస్తుంటే ఒక పెద్దావిడ వెనకే వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి, సన్నగా, చురుగ్గా ఉంది. పేరు సత్తెమ్మ అని చెప్పింది.

“బాబుగారూ, ఆ మొదటిల్లు మాదేనండి. పొయ్యి మీద రొయ్యలేసి బిందె పట్టుకుని కుళాయి కాడికెళ్ళేను. వచ్చేసరికి కప్పు అంటుకునుంది. రాసేసుకోండి.”

పేరు మారుస్తానన్నాను. “ఎందుకండి? నాకిప్పుడు పెళ్ళా పెటాకులా” అని నవ్వి వెళ్ళిపోయింది.

అన్నేళ్ళ ప్రశ్నకి జవాబు రోడ్డు పక్కన దొరికింది. ఇంటికొచ్చి ఆ అధ్యాయం ఏకబిగిన రాశాను. రాసినంతసేపూ రొయ్యల వాసన వచ్చినట్టే ఉంది. మా ఆవిడ చదివి, మనుషులు వచ్చారంది.

అయితే ఆఫీసరు బుద్ధి ఎక్కడికి పోతుంది? రిపోర్టుకి వేసినట్టు ఆ పేట పటం ఒకటి వేసుకున్నాను. దక్షిణపు గుంపులో సత్తెమ్మ ఇల్లు ఎక్కడ పెట్టాలో తెలియక నూకరాజుకి ఫోను చేశాను. అటువైపు నవ్వు వినిపించింది.

“పిన్నిది దక్షిణం వైపు ఎక్కడిదండి బాబూ. దారి పక్కన ఉత్తరం మొదటిల్లు. మీ వాళ్ళు కొక్కేలేసి లాగేసేరు చూడండి, అదేనండి.”

అది నేను పడగొట్టించిన ఇల్లు. అసలు కాలనే లేదు. మరి ఎందుకలా చెప్పిందని అడిగాను.

“మీరెళ్ళేక నాతో అందండి. కాలని ఇంటి పేరు రాస్తే పేటలో ఎవరూ నమ్మరు, బయటోళ్ళు నమ్ముతారు, ఆఫీసరుగారి పుస్తకం వచ్చేస్తది, ఎవరి మీదా మాట పడదు అని. నిజమే గదండి?”

నిజమే. ఆ మాట నిజమని ఒప్పుకోవడానికి మాత్రం నాకు రెండు రోజులు పట్టింది. తన ఇల్లు పడగొట్టినవాడి పుస్తకం కోసం ఆ ఇంటినే మళ్ళీ ఇచ్చింది ఆవిడ. నాకు సిగ్గూ సంతోషమూ ఒకేసారి కలిగాయి. ఫోనులో ఆవిడని పిలిపించి, నిజంగా రాయమంటారా అని అడిగాను.

“రాయండి. రొయ్యలు మాడిపోయాయని మాత్రం రాయకండి బాబూ. పేటలో ఎవర్నన్నా అడగండి, నేను ఎప్పుడూ కూర మాడబెట్టలేదు.”

పేట తగలబెట్టిన నింద మోయడానికి సిద్ధమే, కూర మాడిన నింద మాత్రం కుదరదు. ఆ షరతు ఒప్పుకున్నాను.

ఇప్పుడొక ఇబ్బంది వచ్చింది. ఉత్తరపు గుంపులో పుట్టిన మంట సముద్రపు గాలికి ఎదురెళ్ళి దక్షిణపు గుంపుని కాల్చలేదు. అలా రాయడానికి నా చెయ్యి రాలేదు. సర్వీసంతా గాలిని చూసి బతికినవాణ్ణి. ఆలోచించి, గాలినే మార్చాను. సముద్రపు గాలి తిరగకముందు, తెల్లారిన కాసేపటి వరకూ నేల మీంచి సముద్రం వైపు గాలి వీస్తుంది. కాబట్టి నవలలో మంట మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే పుట్టాలి. పొద్దున్నయితే పేటలో మగవాళ్ళు ఉండరు, పడవల మీద వేటలో ఉంటారు. అయితే కాలవ నుంచి బిందెలు అందించేదీ, కప్పులు లాగేదీ, చివరికి మొదటి ఇల్లు ఏదన్నది ఎవరూ అనకూడదని కట్టుబాటు చెప్పేదీ అందరూ ఆడవాళ్ళే అవ్వాలి. పేట పెద్ద పాత్ర ఆ పూటకి పడవ మీద ఉండిపోయింది. ఒక్క గాలి మారిస్తే సగం నవల మళ్ళీ రాయాల్సివచ్చింది. ఒక్కొక్క అధ్యాయం ఏమవుతుందో నాకే తెలియక, చదువరిలాగా ఆత్రంగా రాశాను. పద్మజ గారు చదివి, ఆ ఆడవాళ్ళ అధ్యాయం లేకపోతే ఇది మామూలు నవల అయ్యేదన్నారు. పుస్తకం వేశారు.

వచ్చిన మొదటి ఫోను సూర్యనారాయణది. అతను కూడా రిటైరయ్యాడు. “సార్, ఆ రోజు సముద్రపు గాలి కదండి. మధ్యాహ్నం కదండి. రిపోర్టులో మీరే రాసేరు. పుస్తకంలో తప్పు పడిందండి” అన్నాడు బాధగా. అచ్చుతప్పు అనుకోవయ్యా అన్నాను. అతను నమ్మలేదు. నేనూ వివరించలేదు.

పేటకి కాపీలు పట్టుకెళ్ళాను. ఆదివారం భోజనాలయ్యాక కమ్యూనిటీ హాల్లో అందరూ చేరి, ఆ అధ్యాయం చదివి వినిపించమన్నారు. ముందు వరుసలో సత్తెమ్మ, పక్కన నూకరాజు. నిలబడి చదివాను. పొయ్యి మీద రొయ్యలు చక్కగా వేగాయి, మాడలేదు, ఈలోగా నిప్పురవ్వ ఎగిరి సత్తెమ్మ ఇంటి కప్పు అంటుకుంది అన్న చోట హాలంతా ఘొల్లుమంది. “ఏం పిన్నీ, ఎంత పని చేసేవు!” అని ఒకరు, “అదిగో చూడండి, ఏమీ ఎరగనట్టు ఎలా కూచుందో!” అని ఇంకొకరు. సత్తెమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

ఆ నవ్వుల మధ్య వెనక వైపు ఒక ప్లాస్టిక్ కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎవరో ఏడుపు ఆపుకుంటూ బయటికి నడిచి వెళ్తున్నట్టు వినిపించింది. ముందున్న నవ్వులు ఇంకా పెద్దవయ్యాయి, కావాలనే. వెళ్తున్నది ఆడో మగో కూడా నాకు తెలియలేదు. తల ఎత్తితే తెలిసేది, మొదటి ఇల్లు ఎవరిదో కూడా. పేజీ మీంచి కళ్ళు తీయకుండా తర్వాతి వాక్యం చదివాను.

ఈ వ్యవహారం వల్ల నేను నేర్చుకున్నది చెప్పి ముగిస్తాను. మంట ఎవరింట్లో పుట్టిందో కనిపెట్టడానికి ప్రభుత్వం నాకు జీతమిచ్చింది, అది కనిపెట్టలేకపోయాను. నవల రాయడానికి ఆ సంగతి అవసరం లేదు. అది తెలిసినవాళ్ళు ఒకరి పక్కన ఒకరు ఎలా బతుకుతున్నారో తెలిస్తే చాలు. మొదటి ఇల్లు ఏదో నాకు ఇప్పటికీ తెలియదు.